మూడేళ్లకో సినిమా: బెల్జియం పారిశ్రామిక ఊరికి దక్కిన గుర్తింపు, మన మెదక్ అనుభవం

పరిశీలనాంశం

పోతిరెడ్డిపల్లి చౌరస్తా నుంచి ముంబై హైవే మీద హైదరాబాద్ వైపు వెళ్తే కంది, రుద్రారం, ఇస్నాపూర్, పటాన్‌చెరు, రామచంద్రాపురం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. రామచంద్రాపురానికి 1960ల్లో భెల్ కర్మాగారం వచ్చింది. 1972లో పటాన్‌చెరు దగ్గర ఇక్రిశాట్ ఏర్పడింది. 1970ల నుంచి పటాన్‌చెరు, ఆ తర్వాత బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడలు పెరిగాయి. ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం వెలసింది. రెండు తరాల కాలంలో మెట్ట సేద్యపు ఊళ్లు షిఫ్టుల ఊళ్లయ్యాయి. సంగారెడ్డి చుట్టుపక్కల అద్దె గదుల్లో ఇవాళ తెలుగుతో పాటు హిందీ, ఒడియా, భోజ్‌పురి వినిపిస్తాయి.

ఈ ప్రాంతం బయటి ప్రపంచానికి తెలియనిదేమీ కాదు. స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనం పటాన్‌చెరు వ్యర్థజలాల శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని చూపింది. మందులకు లొంగని సూక్ష్మజీవుల గురించి ప్రపంచంలో ఎక్కడ చర్చ జరిగినా అప్పటి నుంచి ఈ పేరు వినిపిస్తూనే ఉంది. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక ఔషధ పరిశ్రమలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా చనిపోయారు. వారిలో చాలామంది ఇతర రాష్ట్రాల నుంచి పొట్టచేత పట్టుకుని వచ్చినవారు. శాస్త్ర పత్రికల్లోనూ, ప్రమాద వార్తల్లోనూ ఈ ప్రాంతం ఉంది. అంతర్జాతీయ బహుమతి పొందిన ఏ తెలుగు సినిమాలోనూ ఈ పారిశ్రామిక జీవితం కథావస్తువుగా నాకు కనిపించలేదు.

బెల్జియంలోని సెరేన్ అనే ఉక్కు ఊరికి మాత్రం ఆ చోటు దక్కింది. లియేజ్ నగరాన్ని ఆనుకుని, మ్యూజ్ నది ఒడ్డున ఉన్న ఈ ఊరిలో తీసిన సినిమాలు కేన్స్ చిత్రోత్సవంలో పదే పదే బహుమతులు గెలిచాయి. ఒక పారిశ్రామికవాడ జీవితం ప్రపంచ సినిమా గౌరవానికి ఎలా నోచుకుంది? అలాంటి ప్రయత్నం మన ఉమ్మడి మెదక్ జిల్లాలో ఏ మేరకు జరిగింది? ఎక్కడ ఆగింది? ఈ వ్యాసం పరిశీలించేది ఈ మూడు ప్రశ్నలనే.

పరిధి, పద్ధతి

"అంతర్జాతీయ గుర్తింపు" అన్న మాటను మన పత్రికలు చాలా ఉదారంగా వాడతాయి. ఇక్కడ దాన్ని నాలుగు మెట్లుగా విడదీస్తున్నాను. మొదటిది ప్రదర్శన, అంటే ఒక చిత్రోత్సవంలో సినిమాను చూపడం. రెండోది పోటీకి ఎంపిక లేదా నామినేషన్. మూడోది బహుమతి. నాలుగోది కాలం గడిచాక విమర్శకులు ఇచ్చే స్థానం. ఒక మెట్టు మీద ఉన్న సినిమాను పై మెట్టు మీద ఉన్నట్టు చెబితే ఆ సినిమాకు మేలు జరగకపోగా, అసలు సాధించిందేమిటో మరుగున పడుతుంది. బహుమతి వచ్చిందని సినిమా గొప్పదని తేలదు, రాలేదని తక్కువదనీ తేలదు. గుర్తింపు ఏ దారుల్లో వచ్చిందో చూడటమే ఇక్కడి పని.

బెల్జియం ఖాతా

బెల్జియం జనాభా కోటీ 20 లక్షల లోపే. 2011 జనగణన నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభాలో ఏడో వంతు. అందులోనూ డచ్, ఫ్రెంచ్, జర్మన్ మాట్లాడేవారు వేరువేరు. డచ్ సినిమాకూ ఫ్రెంచ్ సినిమాకూ ప్రభుత్వ సాయం వేరువేరు సంస్థల నుంచి అందుతుంది. ఇంత చిన్న, ఇన్నిగా విడిపోయిన మార్కెట్లో సినిమా టికెట్ల డబ్బుతోనే బతకడం కష్టం.

ఆస్కార్‌లో ఉత్తమ విదేశీ లేదా అంతర్జాతీయ చిత్రం విభాగంలో 2023లో పోటీపడ్డ 'క్లోజ్' వరకు బెల్జియం 8 సార్లు నామినేషన్ పొందింది, ఒక్కసారీ గెలవలేదు. ఆల్స్ట్ పట్టణ మిల్లు కార్మికుల పక్షాన నిలిచిన మతాచార్యుడి కథ 'డాన్స్' (1992), 'ఫారినెల్లి' (1994), 'బుల్‌హెడ్' (2011), 'ది బ్రోకెన్ సర్కిల్ బ్రేక్‌డౌన్' (2012) ఈ జాబితాలోవే. 'ఫారినెల్లి' గోల్డెన్ గ్లోబ్ గెలిచింది. లఘు యానిమేషన్ విభాగంలో మాత్రం నికోల్ వాన్ గోథెమ్ తీసిన 'ఎ గ్రీక్ ట్రాజెడీ' 1987 మార్చిలో ఆస్కార్ అందుకుంది. మన 'స్వాతిముత్యం' భారతదేశపు అధికారిక ఎంట్రీగా వెళ్లి, నామినేషన్ దాకా రాలేకపోయింది కూడా ఆ వేడుకకే.

నాలుగో మెట్టు మీద బెల్జియం చాలా ఎత్తున ఉంది. షాంతాల్ అకెర్మాన్ 1975లో తీసిన 'జాన్ డీల్మాన్' 2022లో 'సైట్ అండ్ సౌండ్' పత్రిక విమర్శకుల ఓటింగులో సర్వకాల ఉత్తమ చిత్రంగా నిలిచింది. ఒక గృహిణి వంటింటి పనులను మూడు గంటలకు పైగా ఓపికగా చూపిన సినిమా అది. దానికి ఆ స్థానం దక్కడానికి 47 ఏళ్లు పట్టింది.

కేన్స్ ఖాతాలో సింహభాగం ఇద్దరు అన్నదమ్ములది. ఝాన్-పియర్ దార్దెన్ 1951లో, లుక్ దార్దెన్ 1954లో పుట్టారు. ఇద్దరూ సెరేన్ పరిసరాల్లో పెరిగారు. 'రొజెట్టా' 1999లోనూ, 'లాన్‌ఫా' 2005లోనూ కేన్స్ అత్యున్నత బహుమతి పామ్ డోర్ గెలిచాయి. ఆ బహుమతిని రెండుసార్లు అందుకున్నవారు ప్రపంచంలో అతి కొద్దిమంది. 2002లో 'ల ఫీస్' సినిమాకు ఒలివియే గూర్మే ఉత్తమ నటుడయ్యాడు. 2008లో ఉత్తమ స్క్రీన్‌ప్లే, 2011లో గ్రాండ్ ప్రీ, 2019లో ఉత్తమ దర్శకత్వం, 2022లో 75వ వార్షికోత్సవ ప్రత్యేక బహుమతి, 2025లో మళ్లీ ఉత్తమ స్క్రీన్‌ప్లే వాళ్ల సినిమాలకే వచ్చాయి.

సెరేన్: ఊరే కథ

1817లో జాన్ కాకెరిల్ ఇనుప కర్మాగారం పెట్టడంతో సెరేన్ యూరప్ పారిశ్రామిక చరిత్రలోకి వచ్చింది. 1970ల నుంచి ఉక్కు పరిశ్రమ సంక్షోభంలో పడింది. కర్మాగారాలు చేతులు మారుతూ చివరికి ఆర్సెలర్ మిట్టల్ కిందికి వచ్చాయి. 2011లో ఆ సంస్థ లియేజ్ ప్రాంతంలో ఇనుము కరిగించే విభాగాన్ని మూసేస్తున్నట్టు ప్రకటించింది. సెరేన్ ఆకాశం మీద నిలిచి ఉండిన ఆరో నంబరు బ్లాస్ట్ ఫర్నేసును 2016 డిసెంబరులో కూల్చేశారు.

దార్దెన్ సోదరులు ఈ పతనాన్ని దూరం నుంచి వచ్చి చూసినవారు కాదు. 1970ల్లో వీడియో కెమెరాతో కార్మికుల జీవితాలను, సమ్మెల జ్ఞాపకాలను రికార్డు చేశారు. 1975లో 'దెరీవ్' అనే డాక్యుమెంటరీ సంస్థ స్థాపించారు. ఫీచర్ సినిమాల్లోకి అడుగుపెట్టాక మొదటి రెండూ, అంటే 'ఫాల్ష్' (1987), 'ఝ పాన్స్ ఆ వూ' (1992) ఆకట్టుకోలేదు. రెండోది సెరేన్ ఉక్కు కార్మికుడి కథే. అయినా తీసిన పద్ధతి తమకే నచ్చలేదని వాళ్లు తర్వాత చెప్పారు. 1994లో సొంత నిర్మాణ సంస్థ పెట్టుకుని, తక్కువ ఖర్చుతో, చిన్న బృందంతో, భుజం మీద కెమెరాతో మళ్లీ మొదలుపెట్టారు. రిహార్సల్స్ వారాల తరబడి సాగేవి. చిత్రీకరణ కథాక్రమంలోనే జరిగేది. ముఖ్యపాత్రలకు కొత్తవారిని వెతికేవారు.

అలా 1996లో వచ్చిన 'లా ప్రొమెస్' కథను పాశమైలారం చదువరి ఎవరైనా వెంటనే గుర్తుపడతారు. రోజర్ అనేవాడు పత్రాల్లేని వలస కూలీలకు గదులు అద్దెకిచ్చి, వాళ్లతో పని చేయిస్తుంటాడు. తనిఖీ అధికారులు వస్తున్నారన్న కంగారులో బుర్కినా ఫాసో నుంచి వచ్చిన అమిదు అనే కూలి పరంజా మీంచి పడతాడు. భార్యాబిడ్డలను చూసుకోమని రోజర్ కొడుకు ఇగోర్ చేత మాట తీసుకుంటాడు. తండ్రి ఆ చావును దాచిపెడతాడు. తండ్రి మాట వినాలా, చనిపోయినవాడికిచ్చిన మాట నిలుపుకోవాలా అన్న సంకటమే సినిమా. కంపెనీ, కాంట్రాక్టరు, సబ్ కాంట్రాక్టరు అనే వరసలో చివరికి బాధ్యత ఎవరిదో తేలకుండా పోయే చోట ఈ ప్రశ్న ఏ దేశంలోనైనా పదునుగానే ఉంటుంది.

'రొజెట్టా' కారవాన్ పార్కులో, తాగుడుకు బానిసైన తల్లితో బతికే అమ్మాయి కథ. ప్రొబేషన్ గడువు ముగిసిందని ఫ్యాక్టరీ నుంచి పంపేస్తుంటే పోనని పెనుగులాడే దృశ్యంతో సినిమా మొదలవుతుంది. 2014 నాటి 'ద్యూ ఝూర్, యూన్ న్వీ'లో సోలార్ ప్యానెళ్ల ఫ్యాక్టరీలో సాంద్ర ఉద్యోగం నిలవాలంటే తోటి కార్మికులు తలా వెయ్యి యూరోల బోనస్ వదులుకోవాలి. శని, ఆదివారాలు ఆమె ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లి అడుగుతుంది. కేన్స్‌లో దీనికి ప్రధాన బహుమతి ఏదీ రాలేదు. మరియాన్ కొటియార్‌కు ఆస్కార్ ఉత్తమ నటి నామినేషన్ వచ్చింది.

విడుదలల సంవత్సరాలు చూడండి: 1996, 1999, 2002, 2005, 2008, 2011, 2014, 2016, 2019, 2022, 2025. దాదాపు మూడేళ్లకో సినిమా, అదీ ఎక్కువగా ఆ ఊరి చుట్టుపక్కలే. నా దృష్టిలో బహుమతుల జాబితా కన్నా విలువైన సాక్ష్యం ఈ వరస.

కారణాల విషయంలో జాగ్రత్త

ఈ విజయానికి బెల్జియం పన్ను రాయితీ విధానమే కారణమని తేలిగ్గా అనేయవచ్చు. కాలక్రమం అందుకు ఒప్పుకోదు. కంపెనీలు సినిమాలో పెట్టే డబ్బుకు పన్ను మినహాయింపు ఇచ్చే 'ట్యాక్స్ షెల్టర్' 2003లో అమల్లోకి వచ్చింది. వలోనియా ప్రాంతీయ నిధి 'వలిమాజ్' 2001లోనూ, ఫ్లాండర్స్ నిధి 2002లోనూ మొదలయ్యాయి. 'రొజెట్టా' గెలిచింది 1999లో. కాబట్టి ఈ పథకాలు ఆ విజయానికి కారణం కాలేవు. తర్వాతి సినిమాలు ఆగకుండా రావడానికి తోడ్పడి ఉండవచ్చు. అంతకుముందు నుంచీ ఉన్నవి రెండు: 1960ల చివరి నుంచి ఫ్రెంచ్ భాషా సినిమాలను ఎంపిక చేసి సాయం ఇచ్చే ప్రభుత్వ కమిషన్, డాక్యుమెంటరీ వర్క్‌షాపులకు అందే నిలకడైన చేయూత. దార్దెన్ సోదరుల తొలి ఇరవై ఏళ్ల సాధన ఆ నీడలోనే సాగింది. ఎదురుదెబ్బల తర్వాత కూడా వాళ్లు మూడో ఫీచర్ సినిమా తీయగలిగారు. ఇది నిరూపణ అనలేను, బలమైన సూచన అనగలను.

రెండో జాగ్రత్త 'రొజెట్టా చట్టం' గురించి. సినిమా గెలిచిన ఏడాదే, 1999 డిసెంబరులో బెల్జియం యువతకు తొలి ఉద్యోగం కల్పించే చట్టం చేసింది. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు తమ సిబ్బందిలో 3 శాతం మేరకు యువతను తీసుకోవాలన్నది అందులో ఒక నిబంధన. దానికి 'రొజెట్టా ప్రణాళిక' అన్న పేరు పడింది. సినిమా చట్టాన్ని తెచ్చిందని ప్రపంచమంతా రాశారు. ఆ చట్టం అప్పటికే తయారీలో ఉందని, తమ సినిమా దాన్ని పుట్టించలేదని దర్శకులే ఇంటర్వ్యూల్లో స్పష్టం చేశారు. సినిమా ఆ చట్టానికి ఒక ముఖాన్ని, పేరును ఇచ్చింది. అది తక్కువ పనేమీ కాదు. సినిమా వస్తే ఊరు మారిపోతుందని చెప్పడానికి మాత్రం అది చాలదు. రెండు పామ్ డోర్లు వచ్చాక కూడా సెరేన్ ఫర్నేసు కూలిపోయింది.

తెలుగు ఖాతా

'నర్తనశాల' 1964లో జకార్తా ఆఫ్రో-ఏషియన్ చిత్రోత్సవంలో ఎస్.వి. రంగారావుకు ఉత్తమ నటుడి గౌరవం తెచ్చింది. మృణాల్ సేన్ తెలుగులో తీసిన 'ఒక ఊరి కథ' (1977) కార్లోవీ వారీ, కార్తేజ్ చిత్రోత్సవాల్లో ప్రత్యేక బహుమతులు పొందింది. 'శంకరాభరణం' 1981లో ఫ్రాన్స్‌లోని బెజాన్సాన్ చిత్రోత్సవంలో ప్రేక్షకుల బహుమతి గెలిచింది. రజనీష్ దోమలపల్లి కొలంబియా విశ్వవిద్యాలయంలో తన చదువులో భాగంగా తీసిన 'వనజ' 2007లో బెర్లిన్‌లో ఉత్తమ తొలి చిత్రం బహుమతి అందుకుంది.

2023లో 'ఆర్ఆర్ఆర్' దారి పూర్తిగా వేరు. భారతదేశం ఆ ఏడాది అధికారిక ఎంట్రీగా గుజరాతీ 'ఛెల్లో షో'ను పంపింది. 'ఆర్ఆర్ఆర్' అమెరికా థియేటర్లలో మళ్లీ విడుదలై, ఓటీటీ ద్వారా పాశ్చాత్య ప్రేక్షకుల్లో వ్యాపించి, సాధారణ విభాగాల్లో పోటీకి దిగింది. 'నాటు నాటు' పాట జనవరిలో గోల్డెన్ గ్లోబ్, మార్చి 12న ఆస్కార్ గెలిచింది. కీరవాణి, చంద్రబోస్ ఆ వేదిక ఎక్కారు. బెల్జియం 'క్లోజ్' నామినేషన్‌తో సరిపెట్టుకున్నదీ ఆ వేడుకలోనే. ఈ గెలుపు మనందరికీ గర్వకారణం. దాని వెనుక భారీ నిర్మాణ వ్యయం, పంపిణీ బలం, ప్రచారం ఉన్నాయి. చిన్న ఊరి చిన్న సినిమా ఆ దారిన నడవలేదు.

ఉమ్మడి మెదక్ అనుభవం

చిన్న సినిమా దారి మన జిల్లాలోనే ఒకప్పుడు పడింది. బి. నర్సింగరావు 1946లో గజ్వేల్ దగ్గర ప్రజ్ఞాపూర్‌లో పుట్టారు. అది అప్పటి మెదక్ జిల్లా, దాని కేంద్రం సంగారెడ్డి. ఆయన, జి. రవీంద్రనాథ్ కలిసి నిర్మించగా గౌతమ్ ఘోష్ దర్శకత్వం వహించిన 'మా భూమి' 1980 మార్చిలో విడుదలైంది. కృషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా తెలంగాణ సాయుధ పోరాటాన్ని చెప్పిన సినిమా ఇది. చిత్రీకరణ మెదక్ జిల్లా మంగళపర్తిలో జరిగింది. కార్లోవీ వారీ, కైరో చిత్రోత్సవాల్లో దీన్ని చూపించారు. మన కొలత ప్రకారం ఇది మొదటి మెట్టు. ఆ సినిమాలో పాడిన గద్దర్ పేరు మీదే తెలంగాణ ప్రభుత్వం ఇప్పుడు సినిమా పురస్కారాలు ఇస్తోంది.

తర్వాత నర్సింగరావు స్వయంగా దర్శకత్వం చేపట్టారు. 'రంగుల కల' (1983) జాతీయ స్థాయిలో ఉత్తమ తెలుగు చిత్రమైంది. తెలంగాణ పల్లె బతుకు మీద తీసిన డాక్యుమెంటరీ 'మా ఊరు' (1987) హంగేరీలో బహుమతి పొందింది. 'దాసి' (1988) దొర గడిలో వెట్టికి చిక్కిన కమలాక్షి కథ. దానికి 5 జాతీయ పురస్కారాలు వచ్చాయి: ఉత్తమ తెలుగు చిత్రం, నటి (అర్చన), ఛాయాగ్రహణం (ఎ.కె. బీర్), కళాదర్శకత్వం (తోట వైకుంఠం), దుస్తుల రూపకల్పన. 1989లో మాస్కో చిత్రోత్సవం ఆ సినిమాకు ప్రశంసాపత్రం ఇచ్చింది. పల్లె వదిలి నగరానికి కూలికి వచ్చిన దంపతుల కథ 'మట్టి మనుషులు' (1990) 1991లో అదే చిత్రోత్సవంలో ప్రశంసాపత్రం అందుకుంది. ప్రశంసాపత్రం ప్రధాన బహుమతి కాదు. అయినా ఒకే దర్శకుడి వరస సినిమాలు వరసగా రెండు మాస్కో చిత్రోత్సవాల్లో గుర్తింపు పొందడం తెలుగులో అరుదైన సంగతి.

ఈ వరసలో ఒక దిశ ఉంది. 'దాసి' గడి లోపల ఉంది. 'మా భూమి' గడి మీద తిరగబడింది. 'మట్టి మనుషులు' ఊరు దాటి సిమెంటు పనిలోకి వచ్చింది. దాని తర్వాతి మజిలీ ఫ్యాక్టరీ గేటు కావలసింది. ఆ సినిమా రాలేదు. 1983, 1988, 1990 అని సాగిన ఆయన ఫీచర్ సినిమాల వరస అక్కడ తెగింది. తర్వాత 'హరివిల్లు' వచ్చేసరికి 2003 అయింది. దార్దెన్ సోదరులకు గుర్తింపు తర్వాతి సినిమాకు దారి వేసింది. ఇక్కడ గుర్తింపు వచ్చినా దారి మూసుకుపోయింది. బడ్జెట్లు, పంపిణీ, థియేటర్ల చేరిక, దర్శకుడి సొంత నిర్ణయాలు వంటివన్నీ ఇందులో భాగమై ఉండవచ్చు. వాటిలో ఏది ఎంత అని విడగొట్టి చూడాలంటే ఆనాటి నిర్మాణ లెక్కలు, విడుదల వివరాలు సేకరించాలి. ఆ పని చేయగలిగినవారు ఇంకా మన మధ్యనే ఉన్నారు. ఆలస్యం చేయకూడదు.

పోలికకు హద్దులు

కేన్స్, మాస్కో ఒకే స్థాయి వేదికలు కావు. ఫ్రెంచ్ భాషకు కేన్స్‌లో ఉన్న చేరువ తెలుగుకు లేదు. బెల్జియంకు ఫ్రాన్స్ పక్కనే ఉంది, సహనిర్మాణ ఒప్పందాలున్నాయి. 2024లో కేన్స్ గ్రాండ్ ప్రీ గెలిచిన పాయల్ కపాడియా 'ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్' కూడా ఫ్రాన్స్, మరికొన్ని యూరప్ దేశాల భాగస్వామ్యంతో తయారైందే. అందులోని నర్సులు ముంబైలో మలయాళం మాట్లాడే వలస శ్రామికులు. ఒక ఊరిలో పలు భాషలున్నప్పుడు సినిమా భాష ఏదన్న ప్రశ్న అక్కడే తేలింది: మనుషులు మాట్లాడేదే సినిమా భాష.

ఇది మనకు ముఖ్యం. పాశమైలారం గురించి నిజాయితీగా తీసే సినిమా మొత్తం తెలుగులో ఉండదు. గేటు దగ్గర తెలుగు, షెడ్డులో హిందీ, గదిలో ఒడియా వినిపిస్తాయి. భాషల వారీగా పురస్కారాలిచ్చే మన పద్ధతిలో అలాంటి సినిమాకు ఏ వరసలో చోటిస్తారో ఇప్పుడే ఆలోచించాలి.

నిర్ధారణలు

ఉన్న సాక్ష్యాల మేరకు మూడు మాటలు చెప్పగలను. ఒకటి, సొంత ఊరిని పట్టుకుని తీసిన సినిమాకు దూరదేశంలో గుర్తింపు దక్కడం బెల్జియంలోనూ జరిగింది, మెదక్‌లోనూ జరిగింది. స్థానికత అడ్డంకి అన్న వాదన నిలవదు. రెండు, ఈ రెండు అనుభవాల మధ్య స్పష్టంగా కనిపించే తేడా కొనసాగింపు. మూడు, బహుమతులు ఊరి ఉపాధినీ భద్రతనూ మార్చాయనడానికి సెరేన్ నుంచి సాక్ష్యం లేదు. కాబట్టి సినిమాను కార్మిక రక్షణకు ప్రత్యామ్నాయంగా ఎవరూ చూపకూడదు.

వీటి నుంచి వచ్చే సూచనలు కొన్నే. 'మా భూమి', 'దాసి', 'మట్టి మనుషులు', 'మా ఊరు' చిత్రాలను మంచి ప్రతులతో సంగారెడ్డి, పటాన్‌చెరు కళాశాలల్లో ఏటా చూపించాలి. కంది ఐఐటీలో డిజైన్ విభాగం ఉంది. స్థానిక డిగ్రీ కళాశాలలతో కలిసి కార్మిక జీవితాల దృశ్య, శ్రవణ రికార్డులు తయారుచేసే పనికి అది పూనుకోవచ్చు. రాష్ట్ర సినిమా నిధిలో కొంత భాగం డాక్యుమెంటరీలకూ, మొదటి సినిమా విఫలమైన దర్శకుడి రెండో, మూడో సినిమాలకూ కేటాయించాలి. ఈ చివరి సూచన వింతగా తోచవచ్చు. దార్దెన్ సోదరులు మొదటి రెండు ఫీచర్లతో ఆగిపోయి ఉంటే సెరేన్ పేరు ఉక్కు చరిత్రకారులకు తప్ప ఎవరికీ తెలిసేది కాదు. ఈ పారిశ్రామికవాడలో కెమెరా పట్టే యువతకు మనం ఇవ్వాల్సింది ఆ మూడో అవకాశమే.